మూడు గళ్లలో ఒకే పేరు

మంగళవారం

ప్రియమైన చిన్నదానికి,

పెద్దది చెప్పి రాయిస్తున్న ఉత్తరం. రాస్తున్నది మా కింది వాటాలో మందుల షాపు నడిపే ఆవిడ. నేనన్నది అన్నట్టే రాయాలని ముందే మాట తీసుకున్నాను. కాబట్టి ఇందులో తిట్టు ఏదైనా తగిలితే అది నాదే, ఆవిడ మీద కోపం పెట్టుకోకు.

మన తాడు తెగింది.

గోడలకు రంగులు వేసే ఒక మనిషి ఎత్తయిన మేడ పక్కన తాడుకు వేలాడుతూ పని చేస్తున్నాడు. మూడో అంతస్తు దగ్గర తాడు పుటుక్కుమంది. ప్రాణం పోలేదు. నడుము విరిగింది, కాళ్లు కదలడం లేదు. ముప్పై ఏళ్లు కూడా లేవట. ఆ తాడు మనం పని చేసిన తాళ్ల షెడ్డుది. నువ్వింకా అక్కడ ఉండగా, నేనింకా తాళ్లు చూసే బల్ల దగ్గర నిలబడుతుండగా బయటికి వెళ్లిన తాడు.

విచారణకు రమ్మని కాగితం వచ్చింది. మందుల షాపావిడ చదువుతూ చదువుతూ ఆగిపోయింది. "పిన్నిగారూ, ఇందులో పిలిచింది మిమ్మల్ని. కింద సంతకం పెట్టిన ఆఫీసరమ్మ పేరు కూడా మీదే" అంది. ఇంకోసారి చూడమన్నాను. నిజమే. మనం ముగ్గురం చాలలేదని నాలుగోది తయారైంది, అదీ కుర్చీలో.

నిన్న వెళ్లాను. పొడుగాటి గది, పొడుగాటి బల్ల, పైన కిర్రుమనే ఫ్యాను. బల్ల మీద మన పుస్తకం ఉంది, నువ్వు రాసిందే. ఆఫీసరమ్మ నలభై ఏళ్ల మనిషి, కళ్లజోడు, నవ్వదు. ఆ తాడు ఎక్కించిన వరస మీద వేలు పెట్టింది. పేనినవారు, చూసినవారు, రాసినవారు అని మూడు గళ్లు ఉంటాయి కదా. మూడింటిలోనూ మన పేరే.

"ఏంటమ్మా ఇది? ఒక్క మనిషే పేని, చూసి, రాసేసిందా?"

"ముగ్గురమండీ. పేనింది నడిపిది, చూసింది నేను, రాసింది చిన్నది."

"ముగ్గురికీ ఒకే పేరా?"

"పేర్లు మేం పెట్టుకున్నామా? మీది మీరు పెట్టుకున్నారా?"

పక్కనున్న గుమస్తా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మొగవాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే వాడి పేరూ మనదే అయ్యుండేది. ఆఫీసరమ్మ మాత్రం నావైపే చూసింది. "ముగ్గురిలో తప్పు ఎవరిదో తేల్చాలి. తేలినవారి మీద కేసు నడుస్తుంది" అంది. షెడ్డు నడిపే ఆయన ముందే వచ్చి చెప్పిపోయాడట, చూసేది ముసలామె, తప్పు ఆమెదేనని. నా బల్ల దగ్గరకు ఒక్కనాడు వచ్చి నిలబడని మనిషి!

ముప్పై నాలుగేళ్లు ఆ బల్ల దగ్గర నిలబడ్డాను. నాకు నచ్చిన తాడు కొసకు ఎర్ర దారం కట్టేదాన్ని. దారం ఉంటేనే నువ్వు పుస్తకంలో ఎక్కించేదానివి. నాకు నచ్చనిది మూలన పడేసేదాన్ని. పుచ్చుపట్టిన తాడు నేను దాటనిచ్చానని ఎవరైనా అంటే వాళ్ల నోరు మూయించే దాకా నాకు ముద్ద దిగదు. అందుకే అక్కడే అడిగాను. "పది తాళ్లు తెచ్చి ఈ బల్ల మీద పెట్టండి. చెడ్డది ఒకటి అందులో కలపండి. నా కళ్లకు గుడ్డ కట్టండి. నేను పట్టుకోలేకపోతే మీ ఇష్టమొచ్చినట్టు రాసుకోండి." ఆమె సరేనంది. వచ్చే నెల మొదటి శుక్రవారం.

నువ్వు కూడా రావాలి. తొమ్మిదేళ్లు నా పక్కన కూర్చుని రాసినదానివి. పెద్దది చూసిన తాడు తెగదని ఒక్క మాట చెప్పు, చాలు. రైలు ఎప్పుడుందో నిన్ను నేను అడగాలా, నువ్వే ఊరందరికీ చెబుతుంటే!

ఎదురుచూస్తూ ఉండే,
పెద్దది


సోమవారం

ప్రియమైన పెద్దక్కకి,

మీ చిన్నది నమస్కరించి రాస్తున్నది. మీ ఉత్తరం నాకు నాలుగు రోజులు ఆలస్యంగా అందింది. మా స్టేషను ఎదురుగా పళ్ల డాక్టరు ఒకావిడ ఉంది, ఆవిడదీ మన పేరే. పోస్టతను అక్కడ ఇచ్చాడు. ఆవిడ కవరు చించి, తాడు తెగిందన్న దగ్గర ఆపేసి పరుగున తెచ్చి ఇచ్చింది. "నా దగ్గరకొచ్చే వాళ్ల బాధలన్నీ నోట్లోనే ఉంటాయమ్మా, ఇది మీదే అయ్యుంటుంది" అంది. నాకు నవ్వు రాలేదు.

ఆ రంగులాయన గురించి చదివాక ఆ పూట మైకు ముందు కూర్చుంటే అంతా తారుమారైంది. రెండో ప్లాట్‌ఫారానికి వచ్చే బండిని నాలుగో దాని మీదకు వస్తుందని చెప్పాను. జనం మెట్లెక్కి దిగి నన్ను తిట్టుకుని ఉంటారు. ఇక్కడ నా గదికి కిటికీ లేదక్కా. నా గొంతు అందరికీ తెలుసు, నా మొహం ఎవరికీ తెలియదు. కొన్నాళ్లుగా అదే హాయిగా ఉంది.

ఆ పరీక్ష ఒప్పుకోకండి. మీకు దణ్ణం పెడతాను. డెబ్భై రెండేళ్ల మనిషిని కళ్లకు గంతలు కట్టి పదిమంది ముందు నిలబెట్టడం ఏం మర్యాద? ఒంట్లో బాగాలేదని చెప్పండి. వయసు మీద పడింది, గుర్తులేదని చెప్పండి. గుర్తులేదన్నవాళ్లను ఎవరూ ఏమీ చెయ్యలేరు.

నాకు సెలవు దొరకడం కష్టం. కొత్త ఉద్యోగం, పైవాళ్లు కటువు. మీరు అన్నం వేళకు తింటున్నారా? మందుల షాపావిడకు నా నమస్కారాలు.

మీ మేలు కోరే,
చిన్నది


శుక్రవారం

ప్రియమైన చిన్నదానికి,

గుర్తులేదని చెప్పమంటావా నన్ను? నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను, ఎక్కడైనా తప్పు చదివిందేమోనని. ఆవిడ తప్పు చదవలేదు. నువ్వే తప్పు రాశావు.

ఏమే, నేను పిచ్చిదాన్ననుకున్నావా? గుర్తులేదంటే ఏమవుతుంది? ఆఫీసరమ్మ "ముసలిది, చేత కాక దాటనిచ్చింది" అని రాసుకుంటుంది. నేను పోయాక కూడా ఆ మాట అక్కడే ఉంటుంది. తాడు కట్టుకుని గోడకు వేలాడే ప్రతివాడూ నా పేరు తలుచుకుని తిట్టుకుంటాడు. నా పేరంటే నీ పేరు కూడానే, మరిచిపోకు.

నువ్వు రానన్నావు కాబట్టి నడిపిది ఏమంటుందో చూద్దామని బస్సుల డిపోకి వెళ్లాను. షెడ్డులో పేనే మిషను ముందు పిల్లిలా ఉండేది, ఇప్పుడు ఖాకీ చొక్కా వేసుకుని అంత లావు బస్సును చేతి మీద ఆడిస్తోంది. నన్ను చూసి బస్సు దిగకుండానే మొదలుపెట్టింది.

"నా మీదకి తోసెయ్యడానికి వచ్చావా, పెద్దా?"

"నువ్వు పేనిన తాడే కదే తెగింది."

"అవును, పేనాను. నార ఎట్లా ఇస్తే అట్లా పేనాను. తడిసిన నార ఇచ్చిన రోజులు లేవా? ఆ సంగతి షెడ్డాయనకు చెప్తే ఆరబెట్టి పేనెయ్యమన్నాడు. బాగాలేనిది ఏరి పారెయ్యడానికే కదా నువ్వక్కడ నిలబడ్డది? అన్నీ బాగా పేనితే నీకు జీతమెందుకు?"

"నేను ఏరేశాను."

"ఏరేస్తే అది ఆ మేడ మీదకు నడుచుకుంటూ వెళ్లిందా?"

వెనక బస్సువాడు హారను కొట్టాడు. నడిపిది కిటికీలోంచి తల బయటపెట్టి వాడికి వాడి తాతల దాకా వివరంగా చెప్పి, నావైపు తిరిగి మెత్తబడింది. "టిఫిను తిన్నావా? ఎక్కు, నీ వీధి మొదట్లో దింపుతాను" అంది. ఎక్కాను. కోపం కోపమే, ఎండ ఎండే.

కానీ దాని మాట నన్ను వదలడం లేదు. చెడ్డ తాడును నేను ఏరేశాను, అందులో నాకు అనుమానం లేదు. అయినా అది బయటికి వెళ్లింది. ఎట్లా?

విచారణ గది బయట ఒక బెంచీ ఉంటుంది. మొన్న ఏదో కాగితం మీద వేలిముద్ర వెయ్యమంటే వెళ్లాను. ఆ బెంచీ మీద ఒకమ్మాయి కూర్చుని ఉంది. ఆ రంగులాయన భార్య. చీర అంచుకు ఎండిన తెల్ల సున్నం మరక ఉంది, ఆయన పని బట్టలు ఉతికేటప్పుడు అంటినదేమో. నేనెవరో ఆమెకు తెలియదు. "మీరూ తాడు కేసుకేనా అమ్మా?" అని జరిగి చోటిచ్చింది. కూర్చోలేకపోయాను.

మొదటి శుక్రవారానికి ఇంకా ఇరవై ఒక్క రోజులు. ఆ లోపల వస్తావో రావో తెలియజెయ్యి. సాకులు మాత్రం రాయకు, కాగితం దండగ.

నీ మీద కోపంగా,
పెద్దది


గురువారం

ప్రియమైన పెద్దక్కకి,

కోపం తగ్గాక చదవండి, లేదా కోపంలోనే చదవండి, చదవడం మాత్రం మానకండి.

నేను రాలేను. ఎందుకని అడగకండి. పరీక్ష ఒద్దని మళ్లీ చెబుతున్నాను. మీరు ఆ తాళ్ల మీద చెయ్యి వేసి నిలబడడం, పక్కన షెడ్డాయన చూస్తుండడం, తలుచుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. ఆ గది నుంచి మీరు తలదించుకుని బయటికి రావడం నేను భరించలేను. అంతకన్నా వాన మీదకి తోసెయ్యొచ్చు కదా? రంగుల మేస్త్రీల గోదాముల్లో కప్పులు కారతాయి. తాడు షెడ్డు నుంచి వెళ్లాకే తడిసి పాడైందని చెప్పండి. రంగుల పనివాళ్లు తాళ్లను ఎక్కడ పడితే అక్కడ పడేస్తారు. ఎవరూ కాదనలేరు.

ఒక్కటి మాత్రం తెలుసుకోవాలని ఉంది. తెగిన తాడు మీకు చూపించారా? కొసన ఎర్ర దారం ఇంకా ఉందా? ఉంటే ముడి ఎటు వాలి ఉందో ఆఫీసరమ్మ చూసిందా?

నిద్ర సరిగా పోవడం లేదు. అయినా బాగానే ఉన్నాను.

మీరు తిట్టినా మీదే అయిన,
చిన్నది


ఆదివారం

చిన్నదానికి,

ప్రియమైన అని ఈసారి పెట్టించలేదు. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే ఆఫీసరమ్మ దగ్గరకు వెళ్లి తెగిన తాడు చూపించమన్నాను. గుమస్తా కుదరదన్నాడు. చూపించే దాకా కదలనని గుమ్మంలో చతికిలబడ్డాను. లోపలికీ బయటికీ తిరిగేవాళ్లు నన్ను దాటలేక తిప్పలు పడ్డారు. చివరికి ఆమే బయటికొచ్చి, "మన పేరుకి ఇంత మొండితనం ఉందని నాకు తెలియదు" అని లోపలికి తీసుకెళ్లింది.

తాడును అట్టపెట్టెలో పెట్టారు. తెగిన చోట లోపలి పోగు నల్లబడి ఉంది. కొసన నా ఎర్ర దారం ఉంది. ముడి కుడికి వాలి ఉంది.

నాది ఎడమచేతి వాటం. ముప్పై నాలుగేళ్లలో నేను వేసిన ప్రతి ముడీ ఎడమకు వాలేది, నువ్వు తొమ్మిదేళ్లు చూశావు. ఆ ముడి నాది కాదు. నన్ను చూసి నేర్చుకుని, కుడిచేత్తో ఎవరో వేసిన ముడి. చూడగానే నా గుండెల మీదనుంచి బండ దింపినట్టయింది. ఆఫీసరమ్మకు అక్కడే చూపించాను. దారంతో ఒకటి వేసి పక్కన పెట్టాను. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుని రెండూ చూసింది. "అయితే ఇది దాటనిచ్చింది ఎవరు?" అంది.

అప్పుడు తగిలింది నాకు.

దారం సంగతి నీకు కొత్తగా చెప్పాల్సింది కాదు, ఒప్పుకుంటాను. కానీ ముడి ఎటు వాలిందని అడగాలని నీకెందుకు తోచింది? నాకే తోచలేదే! నడిపిది నా బల్ల దగ్గరకు ఎప్పుడూ రాలేదు, దాని మిషను ఆ చివర. షెడ్డాయనకు ముడి వెయ్యడం రాదు, చెప్పుల తాళ్లు కూడా భార్యే కట్టాలి. నా పక్కన ఎర్ర దారం ఉండ పెట్టుకుని కూర్చున్నది ఒక్కదానివి నువ్వే.

ఆమెకు ఇంకా ఏమీ చెప్పలేదు. పరీక్ష అయ్యాక చెబుతానన్నాను. శుక్రవారానికి పన్నెండు రోజులు. నా చోట నువ్వు ముడెందుకు వేశావు? ఎన్నిటికి వేశావు? ఈ రెండిటికీ జవాబు రాయి. వేరే ఏమీ రాయకు. అన్నం తిన్నారా అని అసలే అడగకు.

పెద్దది


శనివారం

ప్రియమైన పెద్దక్కకి,

నేనే వేశాను. ఇరవై ఆరు తాళ్లకు.

మొదలు నుంచి చెబుతాను. మూడేళ్ల కిందట ఒకరోజు మీ చూపుడువేలికి నార ముల్లు గుచ్చుకుని రక్తం తాడు మీద పడింది. మీకు తెలియలేదు. నేను చెబితే చూసుకుని, ఏం లేదులే అని చీరకు తుడుచుకున్నారు. తర్వాత గమనించాను. టీ గ్లాసు మాకెవరికీ పట్టుకోవడానికి వీలుకానంత వేడిగా ఉండేది, మీరు అట్లాగే పట్టుకుని కబుర్లు చెప్పేవారు. ఒకసారి సూది మీ బొటనవేలి మీద పెట్టి చూశాను, మీరు అటు తిరిగి నడిపక్కను తిడుతున్నారు. కదల్లేదు. మీ వేళ్లు చచ్చిపోయాయక్కా. చేత్తో తడిమి తాడు చూసే మనిషికి చేతులే పోయాయి.

ఆ రోజుల్లోనే మీరు పక్కన పడేసే తాళ్లు ఎక్కువయ్యాయి. వారానికి ఒకటో రెండో ఉండేవి ఐదయ్యాయి, ఆరయ్యాయి. తెలియక, భయంతో, దేన్ని పట్టుకున్నా అనుమానంగా ఉండి పడేస్తున్నారనుకున్నాను. షెడ్డాయన పుస్తకం తిరగేసి నాతో అన్నాడు, "ముసలిదానికి చేతకావడం లేదు, వచ్చే నెల నుంచి వేరే మనిషిని పెడతాను" అని. ఆ బల్ల నుంచి మిమ్మల్ని పంపేస్తే మీరు ఏమైపోతారో నాకు తెలుసు. మీకు చెప్పే ధైర్యం నాకు లేదు. మీతో ఆ మాట అనగలిగే మనిషి ఆ షెడ్డులో పుట్టలేదు.

అందుకని మీరు భోజనానికి వెళ్లినప్పుడు మూలన పడేసినవి తీసి నేను చూసేదాన్ని. వంచాను, లాగాను, కాలితో తొక్కాను. బాగున్నాయనిపించిన వాటికి మీ ముడి వేసి మంచివాటిలో కలిపేదాన్ని. పుస్తకంలో చూసినవారి గడిలో మన పేరు రాసేదాన్ని. అబద్ధం రాస్తున్నానని కూడా అనిపించలేదు, అది నా పేరు కూడా కదా. మిమ్మల్ని కాపాడుతున్నానని మురిసిపోయేదాన్ని. మీరు మానేసిన నెలకే నేనూ మానేశాను.

ఇరవై ఆరింటిలో ఒకటి ఆ రంగులాయన నడుము విరగ్గొట్టింది.

పరీక్షకు వెళ్లొద్దని ఎందుకు బతిమాలానో ఇప్పుడు తెలిసింది కదా. మీరు గెలవరు. ఈ ఉత్తరం సంగతి మీకూ, చదివిపెట్టే ఆవిడకూ తప్ప ఎవరికీ తెలియదు. దాన్ని చూపిస్తే మీరు బయటపడతారు. చింపేస్తే నేను బయటపడతాను. ఏది చేసినా మీ ఇష్టం. నాకై నేను ఆ గదిలోకి వచ్చి చెప్పే ధైర్యం నాకు లేదు. ఎన్నిసార్లు మీ ఊరి రైలు పేరు చెప్పి, ఎక్కకుండా ఆగిపోయానో.

క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లని,
చిన్నది


ఆదివారం

ప్రియమైన చిన్నదానికి,

నీ ఉత్తరం గురువారం పన్నెండింటికి అందింది. పైన మన పేరు చూసి మళ్లీ ఆ పళ్ల డాక్టరు దాకా వెళ్లొచ్చిందేమో, నీ వైపు పోస్టతనికి నా తిట్లు చెప్పు. మందుల షాపావిడ షాపు తలుపు దగ్గరకు వేసి చదివింది. ఇరవై ఆరు అన్న దగ్గర ఆపమన్నాను. ఒక్కటి తెగింది. మరి ఇరవై ఐదు?

ఎక్కడో ఎవడో ఆ తాళ్లకు వేలాడుతున్నాడు. అంతకు మించి ఏమీ ఆలోచించలేదు. ఆఫీసుకు వెళ్లేసరికి ఆఫీసరమ్మ డబ్బా మూత తీసి తినబోతోంది. "మా షెడ్డు తాళ్లలో ముడి కుడికి వాలినవి ఇరవై ఐదు ఉన్నాయి. అన్నీ దింపించండి. తర్వాత తిందురుగాని" అన్నాను. ఎవరు చెప్పారని అడగలేదు, మూత పెట్టేసి ఫోను అందుకుంది. అందుకే ఆమె అంటే నాకు కాస్త గౌరవం కలిగింది. నడిపిది డ్యూటీ దిగగానే నాతో వచ్చింది. రంగుల మేస్త్రీల గోదాములన్నీ ఇద్దరం తిరిగాం. అది గట్టిగా కేకలు పెడుతుంటే నేను ముళ్లు చూశాను. చీకటి పడేసరికి పద్దెనిమిది, శుక్రవారం పొద్దున ఏడు. లెక్క సరిపోయింది. ఒక తాడును ఐదో అంతస్తు నుంచి దింపించాం. దాని మీదున్న మనిషి పని చెడగొట్టామని మమ్మల్ని తిట్టాడు. తిట్టనీ. నిలబడి తిట్టాడు, నాకదే చాలు.

ఇప్పుడు పరీక్ష సంగతి.

పది తాళ్లు పెట్టారు. గది నిండా జనం. షెడ్డాయన కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఆ రంగులాయన భార్య గోడ పక్కన నిలబడింది, ఈసారి నేనెవరో ఆమెకు తెలుసు. గుమస్తా నా కళ్లకు గుడ్డ కట్టబోతే ఆగమన్నాను.

"ముందు ఒక మాట రాసుకోండి. నా వేళ్లు చచ్చిపోయి మూడేళ్లయింది. సూదితో పొడిచినా తెలియదు" అన్నాను.

షెడ్డాయన లేచాడు. "నేను చెప్పలేదా?" అన్నాడు.

"కూర్చో. నా మాట అయిపోలేదు" అన్నాను. కూర్చున్నాడు.

చిన్నదానా, నీకు తెలియనిది ఇది. ఎవరికీ తెలియదు. నా వేళ్లు పోతున్నాయని నీకన్నా ముందు నాకే తెలిసింది. నెల రోజులు ఏడ్చాను. తర్వాత తాడును చెవి దగ్గర పెట్టుకుని పురి విప్పి వంచడం మొదలుపెట్టాను. మంచి నార నిద్రలో మూలిగినట్టు కదులుతుంది. లోపల పోగు పుచ్చితే ఎండుటాకు నలిగినట్టు చిటుక్కుమంటుంది. వేళ్లకు దొరకనివి కూడా చెవికి దొరికేవి. నేను పడేసే తాళ్లు ఎక్కువైంది భయం వల్ల కాదే, నాకు అంతకుముందుకన్నా బాగా తెలియడం వల్ల. ఆ ఏడాదే నార తడిసినది వచ్చింది, నడిపిది చెప్పింది కదా. నేను పడేసిన ప్రతి తాడూ పడెయ్యాల్సిందే.

కానీ చెవితో చూస్తున్నానని ఒక్కరికీ చెప్పలేదు. ముసలిది తాళ్లతో గుసగుసలాడుతోందని నవ్వుతారని సిగ్గు. గోడవైపు తిరిగి, కొంగు చాటు చేసుకుని వినేదాన్ని. పక్కనే కూర్చున్న నీక్కూడా కనబడకుండా.

అదంతా ఆ గదిలో చెప్పాను. తర్వాత గుడ్డ కట్టమన్నాను. ఫ్యాను ఆపమన్నాను. ఒక్కో తాడూ చెవి దగ్గర పెట్టుకున్నాను. ఆరోది చిటుక్కుమంది. పక్కన పడేశాను. మిగతా నాలుగూ కూడా విన్నాను, మళ్లీ వెనక్కి వచ్చి ఆరోదాన్నే చూపించాను. గుమస్తా కోసి చూస్తే లోపలి పోగు నల్లగా ఉంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టి ఉంటే నేనే తిట్టేదాన్ని.

"ఇప్పుడు రాసుకోండి" అన్నాను. "తెగిన తాడును నేను పడేశాను. ఇంకొకరు తీసి ముడి వేశారు. వాళ్లెందుకు తీశారంటే నా వేళ్లు పోయాయని తెలుసు, నా చెవి సంగతి తెలియదు. చెప్పకపోవడం నా తప్పు. అది నా పేరు మీద రాయండి."

"ముడి వేసిందెవరు?" అంది ఆఫీసరమ్మ.

"వాళ్లదీ మన పేరే."

"నాకు తెలియదనుకుంటున్నారా?"

"మీకు తెలిస్తే తెలియనివ్వండి. మీకు తెలియడం వేరు, మనిషి లేచి చెప్పడం వేరు. వచ్చే సోమవారం కాక పై సోమవారం దాకా ఆగండి." ఆమె కలం మూత పెట్టి, "పది గంటలకు. ఒక్క నిమిషం కూడా ఆగను" అంది.

బయటికొస్తుంటే ఆ అమ్మాయి నా దారికి అడ్డం వచ్చింది. కొడుతుందేమో, కొడితే పడదామనుకున్నాను. "చెవితో వింటున్నానని మీ పక్కనున్నవాళ్లకి ఒక్కసారి చెప్పి ఉంటే మా ఆయన ఈరోజు నడిచేవాడు కదమ్మా" అంది. గట్టిగా కూడా అనలేదు. నిలబడి విన్నాను. నువ్వు కూడా వినాలి. ఉత్తరంలో చదివితే సరిపోదు.

నీ కాగితం చింపలేదు, ఎవరికీ ఇవ్వలేదు. నన్ను ఎంచుకోమన్నావు చూడు, అందుకు నీ మీద ఇంకా ఒళ్లు మండుతోంది. నన్ను అడక్కుండా నా ముడి వేశావు. ఇప్పుడు నీ మాట కూడా నన్నే చెప్పమంటున్నావు. ఒకరి చోట ఒకరు నిలబడ్డందుకే కదే ఇంతా జరిగింది?

కిటికీ లేని ఆ గదిలోంచి బయటికి రా. వచ్చే ఆదివారం రాత్రి బండి ఎక్కితే సోమవారం పొద్దున్నకి దిగుతావు. నడిపిది మొదటి ట్రిప్పు స్టేషను మీదుగా వేయించుకుంది, నిన్ను ఎక్కించుకుంటుంది. దారిలో అది నోటికొచ్చినట్టు అంటుంది, పడు. మా ఇంట్లో మొహం కడుక్కుని నాలుగు మెతుకులు తిను.

పది గంటలకు గుమస్తా మన పేరు పిలుస్తాడు. నడిపిదానిదీ అదే పేరు, కానీ అది లేవదు. ఆఫీసరమ్మదీ అదే పేరు, ఆమె కుర్చీలోనే ఉంటుంది. నా మాట నేను చెప్పేశాను, నేనూ లేవను. బెంచీ మీద నీ పక్కన కూర్చుని ఉంటాను.

నువ్వు లే.

నీ,
పెద్దది